కంటి కింద ముల్లు

మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన మర్నాడు, 2023 డిసెంబర్ 6 పొద్దున, చెన్నై కొళత్తూరులో మా ఇంటి మెట్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. నాలుగో మెట్టు దాకా ఎక్కి ఆగిన నీళ్ళు పోతూ పోతూ ప్రతి మెట్టు మీదా వేలి మందం బురద వదిలాయి. కరెంటు లేదు, ఫోన్లో ఛార్జి లేదు, ల్యాబ్‌కి వెళ్ళే దారి లేదు. చేసేదేముంది, చేటా చీపురూ పట్టుకున్నాను. రెండో మెట్టు మూల బురద తనంతట తాను కదిలింది.

"అమ్మా, పాము పిల్ల!" మా వాడు అప్పటికే పిట్టగోడ ఎక్కేశాడు.

చిటికెన వేలంత పొడుగుంది. చేట అంచుతో తట్టితే ఒళ్ళు మెలిపెట్టి మళ్ళీ బురదలోకే దూరింది. చెంబులో వేసి కడిగి చూస్తే మూతి చుట్టూ మీసాలు. పాముకి మీసాలేమిటి? అరగంటలో అలాంటివే ఇంకో రెండు దొరికాయి, ఒకటి చెప్పుల స్టాండు కింద, ఒకటి నీళ్ళ మోటారు గుంటలో.

పై వాటా అవ్వ వంగి చూసింది. వాళ్ళది మదురై, ఇంట్లో తెలుగే మాట్లాడతారు గానీ అందులో సగం అరవం. "అయిరై కదే ఇది! మా ఊళ్ళో ప్రాణంతో ఉన్నదాన్నే తూకం వేసి అమ్ముతారు. పులుసు పెడితే ఆ రుచే వేరు. మూడేనా దొరికింది?" అంది. మూడింటికి పులుసేం పెడతామని ఆమెకే అనిపించినట్టుంది, లోపలికెళ్ళిపోయింది.

అవ్వ అయిరై అన్న మాట అక్కడితో ఆగిపోవలసింది. నేనే ఆగలేదు. నా పని పళ్ళు చెయ్యడం. ఒక డెంటల్ ల్యాబ్‌లో పదమూడేళ్ళుగా సిరామిక్ క్యాపులు చేస్తున్నాను. పక్క పన్నుకి తేడా తెలియకుండా రంగు కలపాలి, గాడి దింపాలి, అంచు కూర్చాలి. రోజంతా కళ్ళకి మూడున్నర రెట్లు పెద్దదిగా చూపించే లూప్ పెట్టుకునే మనిషి చేతికి మీసాలున్న చేప దొరికితే ఊరుకుంటుందా? పైగా చిన్నప్పుడు సూళ్లూరుపేటలో కాళంగి ఏట్లో దిగితే అరికాళ్ళ కింద కితకితలు పెట్టి ఇసకలోకి మాయమయ్యేది ఒక చేప. మేం పిల్లలం దాన్ని ఇసక దొంగ అనేవాళ్ళం. తువ్వాలు పరిచి ఎన్నిసార్లు ప్రయత్నించినా చిక్కలేదు. నలభై దాటాక అదే నా మెట్లెక్కి వచ్చిందా అనిపించింది.

ఇది లోచ్ అని తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. అడుగున తిరిగే చిన్న చేప, కిందికి తిరిగిన నోరు, చుట్టూ మీసాలు. చిక్కంతా ఆ తర్వాతే. లోచ్ అనేది ఒక చేప పేరు కాదు, ఒక పెద్ద చుట్టరికం పేరు. రాళ్ళ మధ్య ఉండేవి, ఇసకలో దూరేవి, కొండవాగుల్లో రాతికి అతుక్కునేవి అన్నీ అందులోవే.

కరెంటు వచ్చిన రాత్రి ఫోన్లో ఫొటోలు చూస్తూ కూర్చుని నేను చేసిన మొదటి తప్పు రంగుని నమ్మడం. నా చేపల ఒంటి మీద లేత గోధుమ రంగు, పక్కల వెంట ముదురు మచ్చలు వరసగా ఉన్నాయి. అలాంటి మచ్చలే కాస్త సాగి పట్టీల్లా ఉన్న ఫొటో ఒకటి దొరికింది. షిస్టురా డెనిసోని అట. 1867లో ఫ్రాన్సిస్ డే పేరు పెట్టాడు. మద్రాసు సైన్యంలో డాక్టరు ఆయన, ఉద్యోగం చేస్తూనే దేశంలోని చేపలన్నిటి లెక్కా రాసిపెట్టాడు. నీలగిరుల దిగువన భవానీ నదిలో దొరికిన ఈ చేపకి 1861 నుంచి 66 దాకా మద్రాసు గవర్నరుగా ఉన్న విలియం డెనిసన్ పేరు తగిలించాడు. ఎర్ర గీత చేప ఒకటి మా కొళత్తూరు అక్వేరియం షాపుల్లో మిస్ కేరళ అని అమ్ముతారే, దాని శాస్త్రీయ నామంలోనూ ఈ గవర్నరే ఉన్నాడు. మద్రాసు గవర్నరు పేరున్న చేప మద్రాసులో నా మెట్ల మీదికి! మర్నాడు ల్యాబ్‌లో అందరికీ చెప్పాను. నోటుబుక్కులో రాసుకున్నాను కూడా, పెన్నుతో.

రెండు రోజులు గడిచాక తెల్ల ఐస్‌క్రీం డబ్బాలో ఉన్న చేపల మచ్చలు చూస్తే సగం మాసిపోయాయి. నల్ల ప్లాస్టిక్ టబ్‌లోకి మారిస్తే పావుగంటలో మళ్ళీ చిక్కబడ్డాయి. ఒకదానికి ఎడమ పక్కన ఎనిమిది మచ్చలు, కుడి పక్కన తొమ్మిది. నాకు సిగ్గేసింది. వీటా షేడ్ గైడ్‌లో ఏ1 నుంచి డీ4 దాకా 16 పళ్ళ రంగులుంటాయి. కిటికీ దగ్గర ఏ2 అనిపించింది ట్యూబ్‌లైటు కింద ఏ3 అవుతుంది, అందుకే రంగొక్కటే చూసి పన్ను చెయ్యొద్దని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. నేనే వెళ్ళి రంగు చూసి చేపకి పేరు పెట్టాను.

అసలు సంగతి వల చెప్పింది. డబ్బా నీళ్ళు మార్చడానికి అక్వేరియం షాపులో దొరికే ఆకుపచ్చ జల్లెడ వలతో ఒకదాన్ని ఎత్తాను. మరో డబ్బాలోకి బోర్లిస్తే పడదే! వల తిరగేసినా వేలాడుతోంది, బుగ్గ పట్టుకుని. ఊపితే చెంప చీరుకుపోతుందేమోనని భయం వేసి, వలతో సహా నీళ్ళలో ముంచి లూప్ పెట్టుకున్నాను. కంటికి సరిగ్గా కింద, చర్మంలో సన్నటి గాడి. ఆ గాడిలోంచి లేచి నిలబడింది ఒక ముల్లు, గాజు ముక్కలా తేటగా, కొస రెండుగా చీలి. ఒక కొస వల దారం కిందికి, ఒక కొస పైకి. మైనం చెక్కే సన్న కత్తి తెచ్చి ఆ ఒక్క దారం తెంపాను. చేప జారి డబ్బాలో పడి కాసేపు కదలకుండా ఉంది. చూస్తుండగానే ముల్లు మడుచుకుని గాడిలోకి వెళ్ళిపోయింది. ఇక అక్కడ ముల్లుందని చెబితే ఎవరూ నమ్మరు. కప్పు కింద దాచిన పిన్నులా ఉంది పనితనం.

ఈ ముల్లే తాళం చెవి. షిస్టురాలాంటి రాతి లోచ్‌ల కుటుంబం నెమకైలిడే, వాటికి కంటి కింద ముల్లుండదు. ముల్లున్నవి కోబిటిడే. నోటుబుక్కులో గవర్నరుగారిని కొట్టేశాను.

ముల్లు బొటియా ప్రజాతివాటికీ (దగ్గరి జాతుల గుంపుని ప్రజాతి అంటారు) ఉంటుంది గానీ వాటి ఒళ్ళు వేరు, నిలువుగా, పక్కలు నొక్కినట్టుగా ఉంటుంది. జీబ్రా లోచ్ అని అమ్మేది వాటిలోదే, బొటియా స్ట్రియాటా. దానికి 1920లో పేరు పెట్టింది మనవాడే, బెంగుళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ ప్రొఫెసర్ సి.ఆర్. నారాయణరావు. తర్వాత కరెంట్ సైన్స్ పత్రికకి మొదటి సంపాదకుడైంది ఆయనే. డే అంత తిరిగినా తీర్థహళ్ళి దగ్గర తుంగలో ఉన్న ఈ చారల చేప ఆయన పుస్తకంలోకి రాలేదు. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది.

ఇక్కడ మా పేట గురించి చెప్పాలి, లేకపోతే నా అవస్థ అర్థం కాదు. కొళత్తూరంటే రంగు చేపల బజారు. వీధికి పది షాపులు, మిద్దెల మీద తొట్లు, వెనక దొడ్లలో సిమెంటు గుంటలు. ఆ మూడు రోజులూ వీధీ తొట్టీ ఒకటైపోయాయి. మా పక్క సందులో మోకాలి లోతు నీళ్ళలో బంగారు చేపలు ఈదుతుంటే పిల్లలు బకెట్లు పట్టుకుని తిరిగారు. మరోపక్క రెట్టేరి చెరువు పొంగింది. కాబట్టి నా మెట్ల మీద దొరికింది చెరువు చేపా? షాపు చేపా? షాపుదైతే అది ఇండోనేషియాదో చైనాదో కూడా కావచ్చు. మామూలుగా చేపని గుర్తుపట్టడంలో సగం బలం అది దొరికిన చోటు. నాకు చోటు మెట్టు నంబరుతో సహా తెలుసు. తెలిసి ఏం లాభం?

కాబట్టి విదేశీవాళ్ళని కూడా ఒక్కొక్కరినే తప్పించుకుంటూ రావాలి. కూలీ లోచ్ అని షాపులో సన్నగా పామల్లే ఉండేది, పాంజియో, దానికి వీపు రెక్క బాగా వెనక్కి ఉంటుంది. నా చేపలకి వీపు రెక్క నడుం మీద, పొట్ట రెక్కలకి దాదాపు ఎదురుగా ఉంది. అది కాదు. వాన రాబోతుంటే అల్లాడిపోతుందని పేరున్న వెదర్ లోచ్, మిస్గర్నస్, తూర్పు ఆసియాది. దానికి మీసాలు పది. నావాటికి ఎన్ని?

ఈ లెక్కకే నాకు రెండు సాయంత్రాలు పట్టింది. రెండు గాజు పలకల మధ్య సిలికాన్ పూసి వేలి వెడల్పు తొట్టి చేశాను, చేప పక్కకి తిరగడానికి వీల్లేకుండా. ముక్కు కొసన రెండు జతలు, నోటి మూలల్లో ఒక జత, మొత్తం ఆరు. సరేననుకున్నాక కింది పెదవి దగ్గర ఇంకేదో వేలాడుతోంది. కింది పెదవి రెండు రెమ్మలుగా చీలి, ఒక్కో రెమ్మ కొస మీసంలాగే సన్నగా సాగింది. దాన్నీ మీసమంటే ఎనిమిది, పెదవంటే ఆరు. పుస్తకాల్లోనూ కొందరు ఆరంటారు, కొందరు ఎనిమిదంటారు, ఇప్పుడు ఎందుకో తెలిసింది. ఎలా చూసినా పది మాత్రం కాదు. మిస్గర్నస్ కూడా పోయింది.

మిగిలింది లెపిడోసెఫాలిక్తిస్. 1863లో బ్లీకర్ అనే డచ్చి సైనిక వైద్యుడు పెట్టిన పేరు. (ఈ చేపలకీ మిలటరీ డాక్టర్లకీ ఏం సంబంధమో!) అర్థం చూస్తే పొలుసు తల చేప. లూప్‌తో కంటి వెనక చెంప మీద వెలుతురు ఏటవాలుగా పడేట్టు టార్చి పట్టించాను మా వాడి చేత. ఉన్నాయి, ఉప్పు రవ్వలంత పొలుసులు. చర్మంలో మునిగిపోయి ఉన్నాయి, నేరుగా చూస్తే కనిపించవు.

కానీ నేను ఎదురుచూసింది ముందు రెక్క. ఈ ప్రజాతిలో మగవాటికి ముందు రెక్కలో ఏడో పుల్లా ఎనిమిదో పుల్లా ఒకటిగా అతుక్కుని గట్టిపడతాయట. కోబిటిస్‌లాంటి దగ్గరి చుట్టాల్లో మార్పు వచ్చేది వేరే పుల్లకి. మూడు చేపల్లో పెద్దవి రెండూ పొట్ట ఉబ్బి ఉన్నాయి, రెక్కలు మామూలే. మూడోది చిన్నది, సన్నది. రెక్క విప్పితే తప్ప లెక్కపెట్టలేను, అదేమో విప్పదు. తొట్టి వెనక్కి కొద్దిగా వాలిస్తే తూలు ఆపుకోవడానికి రెక్కలు చాపింది. బయటి అంచు నుంచి ఒకటి, రెండు, మూడు. ఆరు దాకా జల్లెడ పుల్లల్లా విడివిడిగా ఉన్నాయి. ఆ తర్వాత లోపలి వైపు రెండు పుల్లలుండాల్సిన చోట ఒకే దళసరి పలక, పన్నుకి వేసిన ఫిల్లింగ్‌లా తెల్లగా. నేను అరిచిన అరుపుకి అవ్వ పైనుంచి "ఏమైందే?" అని కేకేసింది. మగ చేప అవ్వా అన్నాను. "ఆఁ, దానికా!" అంది.

ఇంతవరకూ నేను ఎవరితోనైనా పందెం కాస్తాను. కుటుంబం కోబిటిడే, ప్రజాతి లెపిడోసెఫాలిక్తిస్. ఈ కుటుంబాల పేర్లు కూడా స్థిరంగా ఉన్నవేం కాదు. డే కాలంలో లోచ్‌లన్నీ కార్ప్ (బొచ్చెలాంటి చేపల) కుటుంబంలోనే ఒక వాటా. 1987లో జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తరఫున ఎ.జి.కె. మీనన్ రాసిన సంపుటంలో రాతి లోచ్‌లు కొండవాగుల చేపలతో కలిసి హొమలోప్టెరిడే అనే కుటుంబంలో కాపురం. ఇప్పుడు వాటికి సొంత ఇల్లు. అద్దెకున్నవాళ్ళే నయం, పాత పుస్తకం చూసి వాళ్ళ చిరునామా ఎవరూ రాయరు.

జాతి పేరు దగ్గరికొచ్చేసరికి నేల జారుడుగా ఉంది. దక్షిణాదిన మైదానాల్లో, చెరువుల్లో, కాలవల్లో సాధారణంగా దొరికేది థర్మాలిస్. 1846లో వాలెన్సియెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పేరు పెట్టాడు, శ్రీలంకలో త్రికోణమలై దగ్గరి కన్నియా వేడినీటి బుగ్గల నుంచి వచ్చిన చేపలకి. వేడినీళ్ళది కాబట్టి థర్మాలిస్. మే నెలలో మా మిద్దె మీది ట్యాంకు నీళ్ళు చూసుంటే ఆయన ఆశ్చర్యపోయేవాడు కాదు. ఆయన పెట్టినప్పుడు అది కోబిటిస్ థర్మాలిస్, తర్వాత ప్రజాతి మారింది. అందుకే ఇప్పుడు ఆయన పేరూ సంవత్సరమూ బ్రాకెట్లలో వేస్తారు. ఆ రెండు వంకర గీతలు అలంకారం కాదు, చేప ఇల్లు మారిందని గుర్తు. నాకు ఈ ముక్క తెలిసినప్పుడు భలే అనిపించింది.

కానీ ఉత్తరాన గంగ పరివాహకంలో గుంటియా ఉంది, 1822లో హామిల్టన్ పెట్టిన పేరు. షాపులకి రంగు చేపలు కలకత్తా నుంచి కూడా వస్తాయి. మన తూర్పు కనుమల చేపకి మీనన్ 1992లో పెట్టిన పేరు కోరమండలెన్సిస్ ఒకటుంది. హావిర్డ్, పేజ్ అనే ఇద్దరు 2010లో ఈ ప్రజాతినంతా కలిపి మళ్ళీ పరిశీలించారు. వాళ్ళు చేసినట్టు ఎన్నో ఊళ్ళ చేపలు పక్కపక్కన పెట్టుకుని పోల్చాలి. నా దగ్గరున్నవి మూడు, అవీ ఏ ఊరివో తెలియనివి. మా వీధి చివర షాపులో అడిగితే "లోకల్ మేడమ్, ఏట్లో పట్టినవి" అన్నాడు. ఏ ఏరు అంటే, ఏరే అన్నాడు.

ఇలాంటప్పుడు చేపల శాస్త్రవేత్తలు ప్రజాతికీ జాతికీ మధ్య "సి.ఎఫ్." అని రాస్తారు. పోల్చి చూడండి అని దానర్థం. ఇది థర్మాలిస్‌లాగే ఉంది, కానీ అదేనని నేను సంతకం పెట్టను అని చెప్పడం. నాకిది తెగ నచ్చింది. పేషెంటు దగ్గర ట్రయల్ వెయ్యకుండా ఫైనల్ గ్లేజ్ చెయ్యొద్దని మేం అంటాం, ఇంచుమించు అదే.

చేపలు మాత్రం ఈ గొడవేమీ పట్టకుండా ఫ్రిజ్ మీది తొట్టిలో పెరిగాయి. కళ్ళు మాత్రం బయటికి కనిపించేట్టు ఇసకలో దూరి పడుకుంటాయి. ఉన్నట్టుండి బాణంలా పైకొచ్చి ఒక గుక్క గాలి మింగి, కిందకెళ్ళాక వెనక నుంచి బుడగ వదులుతాయి. గుంటియా అలా పేగుతో గాలి పీల్చుకుంటుందని పరిశోధకులు తేల్చారు, బురద గుంటల్లో బతకడానికి అదొక ఉపాయం. మా వాడికి ఆ శాస్త్రం అక్కర్లేదు. "అమ్మా, మళ్ళీ వదిలింది!" అని స్కూల్లో అందరికీ చెప్పొచ్చాడు.

"పోయి రెట్టేరిలో వదిలెయ్, పుణ్యం" అన్నారు మా అత్తగారు. వదలబుద్ధి కాలేదు. చెరువుదో షాపుదో తేలనిదాన్ని చెరువులో ఎలా వదలను? గుంటియా అయితే, మనది కానిదాన్ని మన చెరువులో నేనే నాటినట్టు అవుతుంది.

భోగి నాడు పొద్దున మగ చేప చచ్చిపోయి ఇసక మీద వెల్లకిలా ఉంది. ఎందుకో తెలియదు. చీపురు పుల్లతో బయట పారేద్దామనుకున్నదాన్ని ఆగాను. సాంథోమ్‌లో జూలాజికల్ సర్వే వాళ్ళ దక్షిణ కేంద్రం ఉంది. తీసుకెళ్ళి చూపించాలంటే ఫొటోలు చాలవు, చేప కావాలి. ఫార్మలిన్‌లో పెడితే రూపం నిలుస్తుంది గానీ డీఎన్‌ఏ పాడవుతుంది. డీఎన్‌ఏతో జాతిని గుర్తుపట్టే బార్‌కోడింగ్‌కి చూసే 650 అక్షరాల జన్యుముక్క కావాలంటే స్పిరిటే మేలు. ల్యాబ్‌లో ల్యాంపులకి వాడేది కొంచెం సీసాలో పోసి తెచ్చాను. చేపని చదునుగా పడుకోబెట్టి, పంటి దగ్గర చిగురుని పక్కకి జరిపే సన్న పరికరంతో కుడి ముందు రెక్క విప్పి, ఆ తెల్ల పలక కనిపించేట్టు సర్ది స్పిరిట్‌లో దింపాను. రంగంతా గంటలో పోయింది. పలక అలాగే ఉంది.

చీటీ పెన్సిల్‌తోనే రాయాలి, సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. కొళత్తూరు, చెన్నై. వరద నీరు దిగాక ఇంటి మెట్ల మీద. 6 డిసెంబర్ 2023. చేత్తో పట్టినది. మగ. లెపిడోసెఫాలిక్తిస్ సి.ఎఫ్. థర్మాలిస్. పక్కన చిన్న అక్షరాల్లో, దగ్గర్లో రంగు చేపల తొట్లున్నాయి, అవీ పొంగాయి అని కూడా రాశాను. చీటీని సీసా లోపలే వేశాను, బయట అంటిస్తే ఊడిపోతుందని.

పొంగలి గిన్నె ఇవ్వడానికి దిగిన అవ్వ సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది.

"దీంట్లో ఏమి రాశావే?"

"అయిరైలాంటిది అని రాశానవ్వా."

"లాంటిదేందే? అయిరైయే!"

గిన్నె పెట్టేసి వెళ్ళిపోయింది. సాంథోమ్‌కి ఏ రోజు సెలవు పెట్టాలా అని చూస్తున్నాను.